జోకొట్టిన చెయ్యి

ఆ సోమవారం పొద్దున్న నాయనమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కోడలు పనికి వెళ్తుంది, ఎనిమిదిన్నరకు కొడుకు గడియారాలు బాగుచేసే కొట్టుకు వెళ్తాడు, ఒంటిగంటకు ఏడాదిన్నర మనవరాలిని తను పడుకోబెడుతుంది. అంతే. ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషికి ఇదొక పనా అని ఎవరైనా అనుకుంటారు. అలా అనుకునేవాళ్ళు బుడంకాయను చూడలేదన్నమాట. ఇంట్లో అందరూ బుడంకాయ అని పిలిచే ఆ పిల్లకు నిద్ర రావాలంటే వీపు మీద తల్లి అరచెయ్యి పడాలి. మరొకరి చెయ్యి పడిందంటే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది.

"ఈ వారం చూద్దాం అత్తయ్యా," అని కోడలు ముందురోజే మెత్తగా చెప్పింది. "మీ దగ్గర పడుకుంటే సరేసరి. లేదంటే వీధి చివర పిల్లల కేంద్రంలో చేర్పించేద్దాం. మీకూ శ్రమ తప్పుతుంది."

శ్రమ తప్పడమంటే ఏమిటో నాయనమ్మకు తెలుసు. ఆ ఇంట్లో తనకంటూ మిగిలిన పని అదొక్కటే. అదీ పోతే కిటికీ పక్కన వేసిన కుర్చీకీ తనకూ తేడా ఉండదు. పైకి మాత్రం, "దానికేముందిలే, నేను చూసుకుంటాగా," అంది.

కోడలు మంచిదే, కానీ ఆమెకొక పిచ్చి ఉంది. పిల్లల పెంపకానికి పనికొచ్చే వస్తువు ఎక్కడ కనబడినా అది ఇంటికి రావలసిందే. బల్లకు అతుక్కుపోయే గిన్నె వచ్చింది. దాన్ని ఊడబెరకడానికి రోజూ కొడుకు రావలసి వచ్చేది. వానచప్పుడు చేసే డబ్బా వచ్చింది. దానికి బుడంకాయ నిద్రపోలేదు గానీ కొడుకు రెండు నిమిషాల్లో గుర్రు పెట్టేవాడు. పసిపిల్లలు తెరవలేని అలమర గొళ్ళెం కూడా వచ్చింది. దాన్ని బుడంకాయ తెరుస్తుంది, నాయనమ్మ తెరవలేదు. ఏది వచ్చినా కోడలు, "ఇది లేకుండా ఇన్నాళ్ళెలా బతికామో అత్తయ్యా!" అని మురిసిపోయేది. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు, అనుకుని నాయనమ్మ ఊరుకునేది.

కోడలి ఉద్యోగం కృత్రిమ అవయవాలు తయారుచేసే చోట. నాయనమ్మ దృష్టిలో అది కట్టెకాళ్ళు చెక్కే చోటు. ఆవిడ ఎప్పుడూ అక్కడికి వెళ్ళలేదు, అక్కడ ఇంకా ఏమేం చేస్తారో అడగనూ లేదు.

ఒంటిగంటకు ఐదు నిమిషాలుందనగా పిల్లను కటకటాల మంచంలో పడుకోబెట్టింది. మంచం గోడవారగా ఉంది. గోడకూ మంచానికీ మధ్య దుప్పట్ల గుట్ట పొద్దుటికంటే ఎత్తుగా కనబడింది గానీ పట్టించుకోలేదు. కిటికీలకు వేలాడే మందపాటి తెరలు కూడా కోడలు కొన్నవే. మిట్టమధ్యాహ్నాన్ని మునిమాపువేళ చేసేస్తాయి. బుడంకాయ నాయనమ్మ కళ్ళజోడు లాగి పారేసింది. నాయనమ్మ జోకొట్టింది, పాడింది, బతిమాలింది. ఏడుపు పైకప్పును తాకింది. పోనీ కాసిన్ని పాలు వెచ్చబెట్టి తెద్దామని వంటింట్లోకి వెళ్ళింది.

పాలు ఇంకా పొంగకముందే ఏడుపు ఆగిపోయింది.

ఏడుపు ఆగడం వేరు, తెగడం వేరు. ఇది ఎవరో కత్తిరించినట్టు తెగింది. ఇల్లంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే గిన్నెలో పాలు కదులుతున్న చప్పుడు వినబడింది. నాయనమ్మ పొయ్యి కట్టేసి, అడుగులో అడుగు వేసుకుంటూ గది గుమ్మం దాకా వచ్చింది.

తప్... తప్... తప్...

బుడంకాయ బోర్లా పడుకుని హాయిగా నిద్రపోతోంది. ఆ వీపు మీద ఒక చెయ్యి జోకొడుతోంది. ఆ చెయ్యి ఎవరిదో నాయనమ్మకు కళ్ళజోడు లేకుండానే తెలిసింది. మణికట్టు దగ్గర కాలిన మచ్చ, చిట్టచివర విరిగిన చూపుడువేలి గోరు, మోచేతి దాకా నీలం పూల నైటీ. కోడలిది. మిగతా కోడలు దుప్పట్ల వెనక చీకట్లో ఉంది కాబోలు.

భయం పోయి నాయనమ్మకు కోపమొచ్చింది. పనికని బయల్దేరి, దొడ్డిదారిన వచ్చి, మంచం వెనక నక్కిందన్నమాట! తన మీద ఒక్క పూటైనా నమ్మకం లేదన్నమాట!

"ఏమ్మా, ఇంత నాటకమెందుకు?" అంది గుమ్మంలోంచే, పిల్ల లేవకుండా గుసగుసగా. "నాకు చేతకాదని ముఖం మీదే చెప్పొచ్చుగా?"

తప్... తప్...

"నీ మొగుణ్ణి పెంచింది ఈ చేతులే. వాడేం నిద్రలేక చావలేదు."

తప్... తప్...

"పెద్దదాన్ని మాట్లాడుతుంటే కనీసం ఆ చెయ్యన్నా ఆపు!"

చెయ్యి ఆగలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇరవయ్యేళ్ళుగా ఎందరితోనో మాటామాటా అనుకున్న నాయనమ్మకు ఇంత నిబ్బరమైన శత్రువు ఎన్నడూ ఎదురుపడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. అప్పుడే ఫోన్ మోగింది. కోడలే.

"అత్తయ్యా, పాప పడుకుందా?"

నాయనమ్మకు ఒళ్ళు మండిపోయింది. "పక్కగదిలో కూర్చుని జోకొడుతూ నన్నడుగుతావేంటే? వేళాకోళమా?"

"నేనెక్కడ జోకొడుతున్నాను?"

"నీ చెయ్యి నేను చూడలేదనుకున్నావా?"

అవతల చిన్న నవ్వు వినిపించింది. "ఓ, అదా! అయితే పనిచేస్తోందన్నమాట! అది నా చెయ్యే అత్తయ్యా. నేను కాదు."

నాయనమ్మ గొంతు తగ్గింది. "నీ చెయ్యి ఇక్కడుంటే నువ్వెక్కడున్నావే?"

"నేను పనిలో ఉన్నాను. మీ అబ్బాయి మీకు చెప్పలేదా..."

ఫోన్ నాయనమ్మ చేతిలోంచి జారి నేలకు కొట్టుకుని నోరు మూసుకుంది.

పక్కగదిలోంచి తప్, తప్, తప్ అని వినబడుతూనే ఉంది. పారిపోదామనుకుంది. కానీ పిల్ల దాని కిందే ఉంది. ఆ ఒక్క ఆలోచన ఆవిడను లేపి నిలబెట్టింది. గదిలోకి వెళ్ళి, నేల తడిమి, కళ్ళజోడు పెట్టుకుని దుప్పట్ల గుట్ట వెనక్కి తొంగిచూసింది. నీలం పూల నైటీ చెయ్యి మోచేతి దాకా వచ్చి దారంతో కట్టేసి ఉంది. ఆ తర్వాత గోడ ఉంది. భుజం లేదు, మనిషి లేదు.

అరుద్దామని నోరు తెరిచింది. అరిస్తే పిల్ల లేస్తుందని గుర్తొచ్చి అరచేత్తో నోరు మూసుకుంది. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని బుడంకాయను ఎత్తుకుంది. పిల్ల నిద్రలోనే ఆ చూపుడువేలిని పిడికిట పట్టుకుంది. పిల్లతోపాటు చెయ్యీ ఊడి పైకి లేచింది. దుప్పట్ల అడుగున మాత్రం ఏదో టక్, టక్, టక్ అని గుండెలా కొట్టుకుంటూనే ఉంది. నాయనమ్మ ఇక వెనక్కి చూడలేదు.

కింది వాటాలో నర్సమ్మ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్ గదుల్లో పనిచేసి రిటైరైన మనిషి. తలుపు తీసి, పిల్లను చూసి, పిల్ల చేతిలోని చేతిని చూసి, లోపలికి రమ్మని పక్కకు జరిగింది.

"ఇది మీ కోడలి చెయ్యి," అంది మచ్చను పరిశీలించి. "పోయిన నెల దీనికి మందు రాసింది నేనే. ఆవిడెక్కడ?"

"పనిలో ఉందిట. ఇప్పుడే ఫోన్ చేసింది."

"చెయ్యి తెగాక ఫోన్ చేసిందా?"

"నవ్వింది కూడా, నర్సమ్మా."

"షాక్‌లో అలాగే నవ్వుతారు వదినగారూ. నేనెంతమందిని చూళ్ళేదు!" అంటూ నర్సమ్మ నైటీ ముడిని వేలితో తాకింది. "ఎవరో చేయితిరిగినవాళ్ళే కట్టారు. విప్పకూడదు. ఆరు గంటల్లోపు మనిషి దొరికితే అతికించేస్తారు."

చేతిని సంచిలో పెట్టి, చుట్టూ ఐసుముక్కలు పేర్చి ఫ్రిజ్‌లో పెట్టింది. పిడికిట్లోంచి వేలు జారగానే బుడంకాయ లేచి, ఇంతకు ముందు ఏడ్చింది ఏడుపే కాదన్నట్టు మొదలుపెట్టింది. ఆ హోరులోనే నర్సమ్మ అంబులెన్సును పిలిచి, ఆ తర్వాత నాయనమ్మ కొడుక్కి ఫోన్ చేసింది.

"బాబూ, ధైర్యంగా ఉండు. మీ ఆవిడ చెయ్యి నా ఫ్రిజ్‌లో ఉంది. మిగతా ఆవిడ ఎక్కడుందో కనుక్కో."

కాసేపు విని, ఫోన్ పెట్టేసి, తలుపు గడియ వేసింది. ముఖం పాలిపోయింది.

"పెళ్ళాం చెయ్యి తెగిందంటే పడీపడీ నవ్వుతున్నాడు," అంది నెమ్మదిగా. "మీవాడి దగ్గర సన్నటి రంపాలవీ ఉంటాయి కదూ?"

నాయనమ్మకు వాడి పనిముట్ల పెట్టె గుర్తొచ్చింది. చీమను చూసి పక్కకు తప్పుకునే కొడుకు. గడియారం ముల్లు వంగితేనే బాధపడేవాడు. కానీ వాన డబ్బా పెట్టినప్పుడల్లా గుర్రు పెట్టే మనిషి మొన్న రెండు రాత్రులూ మేలుకుని, గది తలుపేసుకుని, ఏదో కోస్తూ కూర్చున్నాడు. కన్నతల్లికి అనుమానం రావడమంత నరకం మరొకటి లేదు. ఆవిడ ఆ నరకంలో సరిగ్గా ఇరవై నిమిషాలు ఉంది.

అప్పుడు కిటికీలోంచి కోడలు కనబడింది. జుట్టు రేగిపోయి పరుగెత్తుకొస్తోంది. తెల్లకోటు నిండా ఎర్రటి మరకలు. కుడిచెయ్యి ఉండవలసిన చోట మోచేతి నుంచి కింది దాకా తెల్లటి కట్టు, ముద్దలా ఉంది. నాయనమ్మ కుప్పకూలిపోబోయి, చంకలో పిల్ల ఉందని ఆగింది.

నర్సమ్మ ఒక్క లాగు లాగి కోడల్ని లోపలికి తెచ్చి, మంచం మీద పడేసి, మళ్ళీ గడియ వేసింది.

"కదలకు అమ్మాయ్! నీ చెయ్యి భద్రంగా ఉంది!"

"నా చెయ్యి ఇందులోనే ఉందండీ!" అని కోడలు కట్టు చూపించింది.

"అందరూ అదే అంటారు," అంది నర్సమ్మ జాలిగా. "పోయిన చెయ్యి చాన్నాళ్ళు ఉన్నట్టే ఉంటుంది. వేళ్ళు కూడా కదులుతున్నట్టుంటుంది."

కోడలు చప్పున ఆగిపోయింది. ఆ మాట ఆమె పనిచేసే చోట రోజుకు పదిమంది నోట వినేదే. కట్టులోపల వేళ్ళు కదపబోయింది. బిగుసుకుపోయిన ప్లాస్టర్‌లో తిమ్మిరెక్కి ఏమీ తెలియలేదు. ఆమె ముఖంలో రంగు పోవడం నాయనమ్మ చూసింది. ఆ గదిలో ఒక్క క్షణంపాటు ఆ చెయ్యి ఉందో లేదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

"అది రబ్బ..." అని కోడలు తేరుకుని చెప్పబోయేసరికి నర్సమ్మ ఆమె నోట్లో థర్మామీటర్ పెట్టింది.

బయట తలుపు దబదబా మోగింది. కొడుకు. "అమ్మా, తలుపు తియ్యి! కత్తెర తెమ్మని ఫోన్ చేసింది, తెచ్చాను! మిగతాది నేను కోసేస్తాను!"

"విన్నారా," అంది నర్సమ్మ. "మిగతాది కూడానట."

అంబులెన్స్ ఏ క్షణమైనా వస్తుందని ఆవిడ ఫ్రిజ్ తెరిచి సంచి బయటికి తీసింది. బుడంకాయ ఎప్పుడు చంకలోంచి జారిందో, ఎప్పుడు అక్కడికి చేరిందో ఎవరూ చూడలేదు. సంచిలోంచి చేతిని లాక్కుని, బొటనవేలిని నోట్లో పెట్టుకుని, కొత్తగా వచ్చిన నాలుగు పళ్ళతో కసుక్కున కొరికింది.

బొటనవేలి కొస తెగి పిల్ల నోట్లో ఉండిపోయింది. పిల్ల నములుతోంది.

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కసారీ కళ్ళు తిరగని నర్సమ్మ మెల్లగా నేల మీద కూర్చుంది. నాయనమ్మ కూర్చోలేదు. పిల్ల గొంతుకు ఏమైనా అడ్డం పడితే అన్న భయం ముందు దయ్యాల భయమెంత! దవడలు నొక్కి, వేలు పెట్టి, ఆ ముక్కను బయటికి లాగింది. చూసింది. పైన చర్మం, లోపల తెల్లటి స్పంజి.

"ఇదేంటే?" అంది.

కోడలు థర్మామీటర్ ఉమ్మేసింది. "సిలికాన్ రబ్బరు అత్తయ్యా! నేను చేసిన చెయ్యి! అక్కడ నా పని ఇదే, చేతులు చెయ్యడం!"

గడియ తీశారు. నర్సమ్మ లేచి అంబులెన్సును రావొద్దని చెప్పేసింది. కొడుకు లోపలికొచ్చి, కోడలు కొంచెం కోసి వదిలేసిన ప్లాస్టర్ కత్తిరించాడు. విషయం ముక్కలు ముక్కలుగా బయటపడింది. చెయ్యి కోడలిది, దాన్ని తట్టించే గడియారపు యంత్రం కొడుకుది, ఒంటిగంటకు దానంతటదే మొదలయ్యేలా పెట్టారు. అచ్చు పగిలిపోవడంతో ఇంకో చెయ్యి చేద్దామని కోడలు మధ్యాహ్నం తన చేతికి ప్లాస్టర్ చుట్టుకుంది. ఫోన్ తెగిపోయేసరికి రంగుల డబ్బాలు మీద పడేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యకు చెబుతానన్నారుగా?" అంది మొగుడితో.

"నువ్వు చెప్పావనుకున్నాను," అన్నాడు కొడుకు.

పిల్ల ఏడుపు మాత్రం ఆగలేదు. సిలికాన్ చేతిని ఇస్తే, ఐసులో గడ్డకట్టిన ఆ వేళ్ళను తాకి విసిరికొట్టింది. కోడలు తన చేతిని పిల్ల వీపు మీద వేసింది. ప్లాస్టర్‌లో నాని ముడతలు పడి, సున్నం కొట్టుకుని, చల్లగా ఉన్న చెయ్యి. బుడంకాయ తిరిగి చూసి, దాన్ని కూడా తోసేసి కెవ్వుమంది.

"నాది కూడా వద్దట అత్తయ్యా," అంది కోడలు. పొద్దుటినుంచీ నవ్వుతూనే ఉన్న మనిషి ఒక్కసారిగా ఏడ్చేసింది.

నాయనమ్మకు అంత కోపమూ కరిగిపోయింది. "పసిదానికేం తెలుసే, పిచ్చిపిల్లా. చెయ్యి వెచ్చబడనీ, అదే వస్తుంది," అంటూ కోడలికి ఊపిరి తీసుకునే సందు దొరికితే చాలని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. జోకొట్టాలన్న ఆశ కూడా లేదు. భయానికి పట్టిన వణుకు ఆవిడకింకా తగ్గలేదు. ఆ వణికే చెయ్యి ఊరికే పిల్ల వీపు మీద పడింది, అక్కడే వణుకుతూ ఉండిపోయింది.

బుడంకాయ ఒకసారి వెక్కింది. రెండోసారి సగం వెక్కింది. తల నాయనమ్మ మోచేతి మీదికి వాలింది.

ఎవరూ కదల్లేదు. ఆ చిన్న ఊపిరి తన అరచేతి కింద పైకీ కిందికీ నడుస్తోంది. ఆవిడ చేతికి తోడు ఏ యంత్రమూ లేదు.

"కేంద్రం మాట ఇక ఎత్తను అత్తయ్యా," అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

ఆ మర్నాటినుంచి బుడంకాయకు నాయనమ్మ చెయ్యి తప్ప మరో చెయ్యి పనికిరాలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒళ్ళో పడితే నాలుగింటి దాకా లేవదు. నాయనమ్మ కాలు తిమ్మిరెక్కినా కదపకూడదు, దగ్గొచ్చినా దగ్గకూడదు, ఎదురుగా పెట్టిన టీ చల్లారిపోతుంటే చూస్తూ ఉండాలి. గురువారం సాయంత్రం కోడలు ఇంటికి రాగానే ఆవిడ చెయ్యి చాపి, కొలతలు తీసుకోమంది.

చెయ్యి అచ్చం తనదిలాగే ఉండాలంది గానీ, ముడతలు మాత్రం వెయ్యొద్దంది.