ఏకగ్రీవంగా చదివాం

మా వ్యవసాయ కళాశాలలో ఇకమీదట పదోన్నతులన్నీ ప్రతిభ ఒక్కదాన్నే చూసి ఇస్తామని డీన్ వుకాషిన్ తోమానొవిచ్ గారు ప్రకటించిన రోజున నేను ముందు వరసలోనే ఉన్నాను. చప్పట్లు మొదలుపెట్టింది కూడా నేనే. యూరప్ ప్రమాణాలు, పారదర్శకత, స్వతంత్ర కమిటీ అనే మాటల్ని ఆయన ఎంత గంభీరంగా పలికారంటే, వెనక కునుకు తీస్తున్న పశుపోషణ శాఖవాళ్ళు జాతీయగీతం అనుకుని లేచి నిలబడ్డారు.

కమిటీ విషయంలో ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. అధ్యక్షుడు డీన్ గారు. రెండో సభ్యుడు ప్రొఫెసర్ గోయ్కో, డీన్ గారికి కూమ్. అంటే ఆయన పెళ్ళికి సాక్షిగా నిలబడి, ఆయన పిల్లలకు పేర్లు పెట్టినవాడు. మా సెర్బియాలో కూమ్ అంటే తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. కాకపోతే రక్తసంబంధం కాదు కనక చట్టానికి అభ్యంతరం లేదు. మూడో సభ్యుడు పక్క ఊరి యూనివర్సిటీలోని ముసలి ప్రొఫెసర్ స్రెతెన్. ఈయన మిగతా ఇద్దరికంటే స్వతంత్రుడు, ఏ ఉద్యోగం ఎవరికిస్తున్నారో కూడా ఆయనకు తెలియదు.

ఉన్నది ఒకే ఒక్క శాశ్వత ప్రొఫెసర్ ఉద్యోగం. అడిగినవాళ్ళు ఇద్దరు. మొదటి అభ్యర్థి స్లావెంకా రిస్తానొవిచ్. కాలేజీ వెనక దిబ్బ మీద తెగులు పట్టని ప్లమ్ చెట్లు పెంచుతానని పదిహేనేళ్ళుగా బురద తొక్కుతున్న మనిషి. ఈసారి ఎంపిక కాకపోతే నిబంధనల ప్రకారం ఆవిడ ఇంటికి, చెట్లు పొయ్యిలోకి. రెండో అభ్యర్థి ల్యూబిషా కప్లరెవిచ్. పాలకపక్షం పట్టణశాఖ కార్యదర్శి, తీరిక దొరికితే అధ్యాపకుడు. ఆ దిబ్బని చదును చేసి నూతన ఆవిష్కరణల కేంద్రం కడతానన్నాడు. కేంద్రానికి ఇంకా డబ్బు రాలేదు గానీ దాని కార్ల పార్కింగుకు వచ్చింది.

ఉద్యోగం ల్యూబిషాదేనని అందరికీ తెలుసు, స్లావెంకాకి తప్ప. ఆవిడ డీన్ గారి ప్రసంగాన్ని శ్రద్ధగా విన్నది, అదీ వచ్చిన చిక్కు.

అభ్యర్థులిద్దర్నీ తూచి కమిటీ ఒక నివేదిక రాయాలి. మా దగ్గర ఆనవాయితీ ఏమిటంటే, ఉద్యోగం ఎవరికి రావాలో వాళ్ళే ఆ నివేదిక రాసి తెస్తారు, కమిటీ సంతకం పెడుతుంది. ఇందులో తప్పేముంది? మన గొప్పతనం మనకు తెలిసినంతగా ఇంకొకరికి ఎలా తెలుస్తుంది? నా నివేదిక నేనే రాసుకున్నాను. చదువుకుంటే కళ్ళు చెమర్చాయి. నాలో అంత మహానుభావుడు దాక్కున్నాడని అప్పటిదాకా నాకూ తెలియదు.

అలా ఈ నివేదిక రాయవలసినవాడు ల్యూబిషా. కానీ ఎన్నికలు ముంచుకొస్తున్నాయి, ఊరూరా సభలు, ఆయనకి ఊపిరి సలపడం లేదు. పైగా ఆయన జన్మలో ఏదీ రాయలేదు. ఆయన పేరున్న పరిశోధన వ్యాసాలు దాదాపు అన్నీ స్లావెంకా రాసినవే. ఎరువుల కొనుగోలు కాగితాల మీద సంతకం పెట్టేది ఆయన కనక, వ్యాసాల మీద కూడా ఆయన పేరు ఉండేది. రాతపని అనగానే చెయ్యి అలవాటుగా ఆవిడ నంబరు నొక్కేసింది.

నేను ఆవిడ పక్కనే ఉన్నాను, మాటలన్నీ వినబడ్డాయి.

"స్లావెంకా, చిన్న రాతపని. ఓ తొమ్మిది పేజీలు. ఎప్పటిలాగే నువ్వు కానిచ్చెయ్."

"నేనూ అభ్యర్థినే కదా, ల్యూబిషా."

"అయితే మరీ మంచిది. నీ వివరాల కోసం వెతుక్కునే పని తప్పింది."

అయినా ఆవిడ మనసు ఊరుకోలేదు. వెళ్ళి డీన్ గారిని అడిగింది. ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూనే, కమిటీ భారం తగ్గించేవాళ్ళంటే తనకెంతో గౌరవమని చెప్పి, భుజం తట్టి పంపించారు.

ఆవిడ వారం రోజులు కూర్చుని రాసింది. కామాలు చూడమని నాకిచ్చింది. కామాలు ఎక్కడ కనిపిస్తాయి, నాకు కళ్ళు తిరిగాయి.

తన గురించి ఇలా రాసుకుంది. ఇరవై రెండు వ్యాసాల్లో ఆరు మాత్రమే రైతుకు పనికొస్తాయి. ఒక పట్టికలో తప్పు దొర్లితే తర్వాత తనే దిద్దుకుంది. క్లాసులో మరీ గబగబా మాట్లాడుతుంది. చెట్లు మాత్రం నిజంగానే తెగుల్ని తట్టుకుంటున్నాయి. ఇక ల్యూబిషా గురించి. ఈయనవి పదకొండు వ్యాసాలు. తొమ్మిదింటిలో ఈయన పేరు పని పూర్తయ్యాక చేరింది. మిగిలిన రెండూ ఒకటే వ్యాసం, పేరు మార్చి అచ్చయింది. తోటలో ఈయన్ని చూసినవాళ్ళు లేరు. కాబట్టి కమిటీ ఏకగ్రీవంగా స్లావెంకా రిస్తానొవిచ్ పేరు సిఫార్సు చేస్తున్నది.

"నీకేమైనా మతిపోయిందా తల్లీ? ఇలాంటిదాని మీద వాళ్ళు సంతకం పెడతారా?" అన్నాను.

"కింద ఉండేది వాళ్ళ పేర్లు. పెద్దవాళ్ళ చేత అబద్ధం మీద సంతకం ఎలా పెట్టించను?" అంది. "నేను తప్పు రాసి ఉంటే చదివినప్పుడు దిద్దుతారు."

చదివినప్పుడట. జాలేసింది. అప్పుడే వెళ్ళి డీన్ గారి చెవిన వేద్దామనుకున్నాను. కానీ వేస్తే నేను చదివానని తెలుస్తుంది, మా కాలేజీలో అది మంచి పేరు కాదు.

డీన్ గారు పార్టీ సభకు బయల్దేరుతూ కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశారు. గోయ్కో గారు హోటల్లో వేపిన గొర్రెపిల్ల మాంసం ముందు కూర్చుని ఉన్నారు. చేతులు జిడ్డుగా ఉన్నాయని కాగితాన్ని మోచేత్తో అదిమి పట్టుకుని సంతకం పెట్టి, దాని మందం చూసి, బరువైన నివేదిక అని మెచ్చుకున్నారు. స్రెతెన్ గారికి పోస్టులో వెళ్ళింది. ఆయన నివేదిక మీదే కాదు, కవరు మీద కూడా సంతకం పెట్టి పంపారు.

చట్ట ప్రకారం ఆ నివేదికని ప్రజలందరూ చూసేలా నెల రోజులు గోడకి అంటించారు. ప్రజలు చూశారు. మూడో రోజున దాని మీద ఎవరో వంటచెరకు అమ్మకం కాగితం అంటించారు. దానికి మంచి స్పందన వచ్చింది.

ఇక కాలేజీ మండలి సమావేశం. నివేదిక అందరూ చదివారా అని డీన్ గారు అడిగారు. అందరం చదివామన్నాం. కమిటీ సిఫార్సుకి ఎవరైనా వ్యతిరేకమా అన్నారు. ఎవరూ కాదు. అనుకూలమైనవాళ్ళు చెయ్యెత్తమంటే హాలంతా చేతులే. ల్యూబిషా రెండు చేతులూ ఎత్తాడు. తనకి తనే ఓటేసుకోవడం బాగుండదని స్లావెంకా ఒక్కతే చెయ్యెత్తలేదు. నా చుట్టూ ఉన్నవాళ్ళు గుసగుసలాడారు, పాపం, ఓర్వలేకపోతోందని.

సిఫార్సు ఆమోదించినట్టు డీన్ గారు ప్రకటించారు. ల్యూబిషా లేచి, ఈ గౌరవం తనది కాదు, పార్టీదని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే మా అందరికీ విందు. మూడు గొర్రెపిల్లలు, బాకాల మేళం, కావలసినంత రకియా. ఆ సారాయి కూడా ప్లమ్ పళ్ళదే, అయినా ఎవరికీ తోట గుర్తురాలేదు. స్లావెంకాని నలుగురూ ఓదార్చారు, బాధపడకు అని. నాకేం బాధ లేదు, సంతోషంగానే ఉంది అంటుంది ఆవిడ. ఎంత పెద్ద మనసో అనుకుంటూ ఇంకో ముక్క వేసుకున్నారు.

సోమవారం కాలేజీ లాయరమ్మ నియామక ఉత్తర్వు తెచ్చి డీన్ గారి ముందు పెట్టింది. ఏదో ఫైలు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. ఉత్తర్వులో స్లావెంకా పేరుంది. టైపు తప్పు, మార్చండి అన్నారు డీన్ గారు. తప్పు కాదండీ, మీ సిఫార్సు ఇదే అని లాయరమ్మ ఆ నివేదిక తీసి ఇచ్చింది. డీన్ గారు దాన్ని నిలబడి మొదలుపెట్టారు. రెండో పేజీలో కూర్చున్నారు. ఐదో పేజీలో గోయ్కో గారికి కబురెళ్ళింది.

గోయ్కో గారు ధైర్యస్థుడు. "ఇంతోటిదానికి గాభరా ఎందుకు కూమ్? చదవలేదని రాసిచ్చేద్దాం."

"అలాగే ఇవ్వండి," అంది లాయరమ్మ. "అప్పుడు మీరిద్దరూ ఇప్పటిదాకా సంతకం పెట్టినవన్నీ తిరగదోడతారు. ముందు డీన్ గారిది. ఆయన్ని ప్రొఫెసర్ని చేసిన నివేదిక మీద మీ సంతకం ఉంది. మీ నివేదిక మీద ఆయనది."

నా నివేదిక మీదా వాళ్ళిద్దరి సంతకాలే కనక నేను వెళ్ళి తలుపు వేసి వచ్చాను. ఆ తర్వాత డీన్ గారు కలం తీసి, ప్రతిభ ముందు పార్టీలు, బంధాలు నిలవవని, అది తాను మొదటినుంచీ చెబుతున్నదేనని అంటూ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఎంతటి మనిషి! నా కళ్ళతో చూశాను కాబట్టి నమ్ముతున్నాను.

ల్యూబిషా పెద్దగా నొచ్చుకోలేదు. సంగతి ముందే తెలిస్తే ఒక గొర్రెపిల్లతో సరిపెట్టేవాణ్ణి కదా అన్నాడంతే. పార్టీ అతన్ని యూనివర్సిటీల నివేదికలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే సంస్థకి అధ్యక్షుణ్ణి చేసింది. ఆ పదవికి నివేదిక అక్కర్లేదు.

వేసవి చివర్లో పళ్ళు వచ్చాయి. మచ్చ లేని పళ్ళు. డీన్ గారు స్వయంగా దిబ్బ ఎక్కి వచ్చారు, వెనకే నేను. నాలుగు పళ్ళు తిని, చెయ్యి తుడుచుకుని, అసలు సంగతి చెప్పారు. ఆయన రెక్టర్ పదవికి, అంటే యూనివర్సిటీ మొత్తానికి పెద్దగా నిలబడుతున్నారు. జీవితకాల సేవ మీద నివేదిక కావాలి, అది స్లావెంకాయే రాయాలి. నేను దగ్గాను. ఆయన పట్టించుకోలేదు.

"నేనెలా రాస్తానో చూశారు కదండీ," అంది స్లావెంకా.

"చూశాను కనకే అడుగుతున్నాను. ల్యూబిషా గురించి నిజం రాశావు, వాడి బండారం బయటపడింది. వాడి ఖర్మ. నాకు ఒక్క పొగడ్త కూడా వద్దమ్మా. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. నలభై పేజీలు రావాలి."

మునుపైతే ఆవిడ ఏమనేదో తెలియదు. ఇప్పుడు శాశ్వత ప్రొఫెసర్, ఎవరూ తీసెయ్యలేరు. అయినా ఆ ముఖంలో వెటకారం వెతికితే లేదు. పళ్ళ బుట్ట కిందపెట్టి, నిజంగానే కంగారుపడుతూ అడిగింది.

"ఒక పేజీ ఎలాగోలా రాస్తానండీ. మిగతా ముప్పైతొమ్మిదింటిలో ఏం పెట్టమంటారు?"