బాణీకి పసుపు

ఆ ఉదయం రుక్మిణి వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం టపా కట్టేలోగా కూతురి క్యాసెట్టు పోస్టాఫీసుకు చేరాలి. మద్రాసు కాలేజీకి దరఖాస్తు పంపడానికి ఆ రోజే ఆఖరు.

కూతురు ప్రమీలారాణికి ఇంటర్ అయిపోయింది. సినిమా పాటలకు బాణీలు కట్టాలని దాని పట్టుదల. హైదరాబాదు కాలేజీలో పాడటం నేర్పుతారు, మద్రాసులో బాణీ కట్టడం నేర్పుతారు. వారం రోజులుగా ఆ కొత్తగూడెం క్వార్టర్లో ఇదే రభస.

"హైదరాబాదుల మా చిన్నాయన ఉన్నడు. మద్రాసుల ఎవలున్నరే?" అన్నాడు బొగ్గుగనిలో పనిచేసే తండ్రి చెంచురామయ్య.

"పాడనీకి నాకు గొంతేది నాయనా? కట్టుడే వచ్చు."

గొంతు సంగతి అందరూ వెంటనే ఒప్పుకున్నారు. మద్రాసే ఖాయమైంది. స్నేహితురాలి హార్మోనియం మీద రాణి సొంత బాణీ వాయించి క్యాసెట్టులో ఎక్కించింది.

ఏడో తరగతిలోనే తండ్రి బడి మానిపించి పెళ్లి చేసిన రుక్మిణికి కూతురి చదువంటే భక్తి, అంతకు మించి భయం. కొత్త పుస్తకమైనా నాలుగు మూలలా పసుపు పెట్టనిదే తెరవనివ్వదు. రాణి స్నానానికి వెళ్లగానే క్యాసెట్టుకూ తడి పసుపు పెట్టింది. నడుమ రెండు చక్రాలు కనబడ్డాయి. వాటికి మాత్రం తక్కువ చేయడమెందుకని నిండుగా పూసింది.

రాణి వచ్చి, చివరిసారి విందామని మీట నొక్కింది. హార్మోనియం బదులు ఈనబోయే బర్రె మూలిగింది.

"ఏం జేసినవమ్మా!"

"మంచిగ కావాల్నని బొట్టు పెట్టిన బిడ్డా..."

పక్కింటి జంపక్క పరుగెత్తుకొచ్చింది. "ఏడ్వకుండ్రి. తడి ఆరితే అదే పలుకుద్ది. వడియాలు ఎండబెడ్తలేమా?"

ముగ్గురూ రీలంతా బయటికి లాగి దండెం మీద ఆరేశారు. జంపక్క మేక వచ్చి ఓ మూర నమిలి చూసింది. తరిమేసరికి మిగతాది కొమ్ములకు చుట్టుకుని వీధెంట ఉరికింది. డ్యూటీ దిగి వస్తున్న చెంచురామయ్యకు ఎదురుపడింది.

"ఏందే, మేకకు పెండ్లా?"

"పట్టుండ్రి! అది మేక గాదు, మన పిల్ల కాలేజీ!" అని అరిచింది రుక్మిణి.

పట్టుకున్నారు. తెగిన ముక్కలను గోళ్ల రంగుతో అతికి, పెన్సిలుతో చుట్టి, టపా కట్టే వేళకు పోస్టాఫీసులో ఇచ్చారు. అందులో ఏముందో వినే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"నా సదువు మా నాయన ఆపిండు. దీని సదువు నేనాపిన," అని రుక్మిణి మూడు వారాలు సరిగ్గా తినలేదు.

నాలుగో వారం ఉత్తరం వచ్చింది. "మీ హార్మోనియం సామాన్యంగా ఉన్నది. అయితే నడుమ నడుమ మూలుగుతూ, ఉలిక్కిపడే ఆ వాయిద్యాన్ని మేము ఎన్నడూ వినలేదు. సీటు ఇచ్చినాము. వచ్చునప్పుడు ఆ వాయిద్యమును వెంట తేవలెను."

"గా వాయిద్యం ఏడ దొరుకుద్ది?" అని తల గోక్కున్నాడు చెంచురామయ్య.

"ఇంట్లనే ఉన్నది," అంది రుక్మిణి, నెల రోజుల్లో మొదటిసారి నవ్వుతూ.

రాణి మద్రాసు రైలెక్కింది. ఆమె ట్రంకు పెట్టెలో, బట్టల కింద, పావుకిలో పసుపు ఉంది. మేకను పంపడానికి మాత్రం జంపక్క ఒప్పుకోలేదు.