తలా పది సెంటీమీటర్లు

ఆ రోజు పొద్దున టైలరమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదింటికి తెర కత్తిరించాలి, పదిన్నరకు కుట్టు ముగించాలి, పదకొండుకు బడికి తీసుకెళ్ళి వేదిక మీద వేలాడదీయాలి. నాలుగింటికి సైన్సు ప్రదర్శన మొదలు. తెర బాగుందంటే వచ్చే ఏడాది బడి పిల్లలందరి యూనిఫాంలూ ఆమెకే ఇస్తామని పెద్ద మేడమ్ ఒప్పుకున్నారు. ఆ మాట నమ్మి ఆమె రెండో కుట్టు మిషన్ కొని, దాని మీద పని ఇస్తానని తోడికోడలికి మాట ఇచ్చేసింది. మిషన్ వచ్చి మూడు నెలలైంది. తోడికోడలు రోజూ వచ్చి దాని మీది దుమ్ము తుడిచి, కాఫీ తాగి వెళుతోంది. ఇంకెన్నాళ్ళని అడగదు. అడగకపోవడమే టైలరమ్మకు ప్రాణం మీదికి వస్తోంది.

ఆమె భర్త అదే బడిలో సైన్సు మాస్టారు. ప్రమాణం రాయని జవాబుకు సగం మార్కులు కోసేసే మనిషి. ఇంట్లో "కాస్త పాలు పొయ్యవే" అన్న పాపాన కూడా ఎన్నడూ పోలేదు. ఎన్ని మిల్లీలీటర్లో చెబుతారు. వేదిక కొలతలు తనే వెళ్ళి తెచ్చుకుంటానని ఆమె మొదటి రోజే అంది.

"నువ్వొచ్చి అంగుళాలూ బెత్తెళ్ళూ అన్నావంటే బడిలో నా తల తీసేసినట్టవుతుంది," అన్నారు మాస్టారు. "కొలత నేను తెస్తాను. సెంటీమీటర్లలో."

"ఆ తెగిన టేపుతోనేనా?"

"దాన్నేమీ అనకు. దోషం తెలిసిన పరికరం, దోషం తెలియని పరికరం కన్నా నూరు రెట్లు నయం."

ఆ టేపు కథ ఆమెకు కంఠతా వచ్చు. బడి ప్రయోగశాలలోని ఉక్కు టేపు మొదటి పది సెంటీమీటర్లూ ఏనాడో విరిగి పోయాయి. అంటే అది సున్నా దగ్గర కాకుండా పది దగ్గర మొదలవుతుంది. ఇంకొకరైతే పారేసి కొత్తది కొనుక్కునేవారు. మాస్టారు దాన్ని అపురూపంగా దాచుకుని, శూన్యాంశ దోషం అంటే ఏమిటో ఏటా పిల్లలకు దానితోనే చెబుతారు. వచ్చిన కొలతలోంచి పది తీసేయాలి, అదే సవరణ. ఈ ముక్క ఆయన క్లాసులో చెప్పారు, స్టాఫు రూములో చెప్పారు, అన్నం దగ్గర చెప్పారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో టైలరమ్మ ఆ పాఠం ఎన్నిసార్లు విందో లెక్క లేదు.

కాబట్టి ఆ పొద్దున మాస్టారు రాసిచ్చిన చీటీలో "ఎత్తు 240 సెం.మీ." అని మళ్ళీ చూసినప్పుడు ఆమె తడుముకోలేదు. చీటీ ఇచ్చిన మనిషి స్నానాల గదిలో ఉన్నాడు. అడిగితే మళ్ళీ మొదటి నుంచి పాఠం మొదలుపెడతాడు. గుడ్డ కొన్న రోజే ఇలాగే పది తీసేసి, అంచు మడతలు కలుపుకుని, పక్కపక్కన కలిపే అయిదు ముక్కలకు సరిగ్గా సరిపడా తెచ్చుకుంది. కొట్లో ఆ నీలం రంగుకు అదే ఆఖరు తాను. ఇప్పుడు అదే లెక్కన కత్తిరించి, 230 సెంటీమీటర్ల తెర నీటుగా కుట్టేసింది.

పదకొండింటికి తెర వేదిక మీద వేలాడింది. చూడడానికి బ్రహ్మాండంగా ఉంది, కిందికి చూడనంత వరకు. తెర అంచుకీ నేలకీ మధ్య జానెడు ఖాళీ. వెనకాల బల్లలు సర్దుతున్న అటెండరు చెప్పులు, చీపురు, సగం తాగి పెట్టిన టీ గ్లాసు, అన్నీ బయటికి కనిపిస్తున్నాయి.

టైలరమ్మ తన దగ్గరున్న మెత్తటి టేపు తీసి కొలిచింది. తెర 230 ఉంది. పై గొట్టం నుంచి నేల దాకా 250 ఉంది.

"ఏమండీ, ఇటు రండి," అంది.

ఆ పిలుపులో ఏముందో మాస్టారికి తెలుసు. ప్రయోగశాల నుంచి పరుగున వచ్చారు. వెనకే అటెండరు కూడా వచ్చి నిలబడ్డాడు.

"నేను రెండొందల నలభై అని రాసిచ్చానే," అన్నారు మాస్టారు. "రెండొందల ముప్పై ఎందుకు కుట్టావు?"

"పది తీసేశాను. తెగిన టేపు కదా."

"నేను తీసేసే కదా రాసింది."

"చీటీలో ఆ మాట రాశారా?"

"సవరించకుండా నేను ఎప్పుడైనా రాశానా? సరే, అప్పటికీ పదే తగ్గాలి. ఇరవై ఎందుకు తగ్గింది?" మాస్టారు అటెండరు వైపు తిరిగారు. "కొలిచిన రోజు కింద కూర్చుని చదివింది నువ్వేగా. టేపు మీద ఎంత ఉంది?"

"రెండొందల అరవై, సార్."

"నాతో రెండొందల యాభై అన్నావు కదయ్యా."

"పది తీసేసి చెప్పాను, సార్. తియ్యకపోతే కిందటేడు తిట్టారు కదా."

మాస్టారు తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టినందుకు ఒక్క క్షణం సంతోషించారు కూడా. "చూశావుటోయ్, ఒకే దోషానికి మూడు సవరణలు," అని భార్యతో అన్నారు. ఆమె చూపు చూసి మిగతా వాక్యం మింగేశారు.

అతుకు వేద్దామంటే ఆ రంగు గుడ్డ లేదు. చివరికి మాస్టారే ఉపాయం చెప్పారు: తెర పొడుగు పెంచలేం కాబట్టి, తెర వేలాడే గొట్టాన్నే ఇరవై సెంటీమీటర్లు కిందికి దించాలి. వడ్రంగికి కబురు వెళ్ళింది. టైలరమ్మ తన టేపు ఇస్తానంది. బడిలో బడి పరికరమే వాడాలన్నారు మాస్టారు. ఆమెకు ఒళ్ళు మండింది. కానీ పెద్ద మేడమ్ పక్కనే ఉన్నారు. అందరి ముందూ మొగుడితో పోట్లాడితే యూనిఫాంలు వస్తాయా? తమాయించుకుని, భోజనం చేసి వస్తానని ఇంటికి వెళ్ళింది. ఆ రోజు ఆమె చేసిన రెండో తప్పు అది.

ప్రయోగశాలలో పిల్లల చేత ప్రదర్శన వస్తువులు పేర్చిస్తున్న మాస్టారు అటెండరుకు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. "టేపు పది దగ్గర మొదలవుతుంది. ఇరవై దించాలంటే ముప్పై దగ్గర గీత పడాలి. వెళ్ళి ముప్పై అని చెప్పు."

అటెండరు దారిలో ఆలోచించుకున్నాడు. పొద్దున పది తీసేసి మాట పడ్డాడు. ఈసారి కలపాలన్నమాట. వెళ్ళి నలభై అని చెప్పాడు. నిచ్చెన మీదున్న వడ్రంగి నవ్వాడు. "ఆ టేపు సంగతి నాకు తెలీదా ఏంటి? ఈ బడి బెంచీలన్నీ దాంతో చేసినవే," అని తన వంతుగా పది కలిపి యాభై దగ్గర గీత పెట్టి, గోడకు రంధ్రాలు కొట్టి గొట్టం బిగించేశాడు.

రెండున్నరకు టైలరమ్మ తిరిగి వచ్చేసరికి తెర నేల మీద జానెడు మేర కుప్ప పడి ఉంది. గొట్టం ఇరవైకి బదులు నలభై దిగిపోయింది. ఆమె నోరు తెరిచేలోపే పెద్ద మేడమ్ మైకు సరిచూడడానికి వేదిక ఎక్కారు. ఆ కుప్పలో కాలు తట్టుకుని, పడకుండా తెర పట్టుకున్నారు. తెర ఆపలేదు సరికదా, గొట్టంతో సహా ఆవిడ మీదికే వచ్చేసింది.

నలుగురూ కలిసి ఆవిడను తెరలోంచి బయటికి తీశారు. మోకాలు దోక్కుపోయింది. ఆవిడ గోడకున్న రంధ్రాల వైపు ఒకసారి, టైలరమ్మ వైపు ఒకసారి చూసి, కుంటుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయారు. టైలరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. రేపు పొద్దున తోడికోడలు వచ్చి మిషన్ తుడుస్తుంటే ఏమని చెప్పాలి?

"కంగారు పడకోయ్," అన్నారు మాస్టారు. "ఇప్పుడు ఇరవై పైకి ఎత్తాలి. టేపు మీద అంటే..."

"అయ్యా, కలపాలా, తియ్యాలా?" అన్నాడు వడ్రంగి.

"ఈసారి నేను రెండూ చెయ్యను, సార్," అన్నాడు అటెండరు.

అరికాలి మంట నెత్తికెక్కింది టైలరమ్మకు. "ఎవరైనా ఇంకొక్క అంకె పలికారంటే ఈ గొట్టంతోనే చెబుతాను. మాస్టారైనా సరే, మేస్త్రీ అయినా సరే," అంది. తెర దులిపి భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కింది. "ఏమండీ, కింద అంచు నేలకు ఆనించి పట్టుకోండి. ఆనించండి చాలు, కొలవకండి." తెర పై అంచును గోడ వెంట బిగువుగా లాగి, అది ఎక్కడికి వచ్చిందో అక్కడ సుద్దతో గీత గీసింది.

"ఎంతమ్మా?" అన్నాడు వడ్రంగి అలవాటు కొద్దీ.

"ఎంతేమిటి? ఇక్కడ."

మూడున్నరకు తెర నేలను తాకీ తాకనట్టు నిలబడింది. గోడకున్న పాత రంధ్రాల మీద గ్రహాల పటం ఒకటి అతికించారు. నాలుగింటికి వచ్చిన ముఖ్య అతిథి తాడు లాగితే తెర వయ్యారంగా తొలగింది. అందరూ చప్పట్లు కొట్టారు. టైలరమ్మ మాత్రం కొట్టలేదు. పెద్ద మేడమ్ ముఖం చూస్తూ కూర్చుంది. ఆ ముఖంలో ఏమీ కనపడలేదు.

సభ అయ్యాక మేడమ్ మోకాలికి కట్టుతో ఆమె దగ్గరికి వచ్చారు. "మీ తెర గట్టిదమ్మా. నేను వేలాడినా ఒక్క కుట్టు ఊడలేదు," అన్నారు. "మా పిల్లలకు కావలసింది అలాంటి కుట్టే. యూనిఫాంలు మీరే కుట్టండి. నాలుగు వందల పన్నెండు మంది."

టైలరమ్మకు కళ్ళు చెమర్చాయి. మేడమ్ మోకాలి కట్టుకు కూడా దండం పెట్టబుద్ధయింది. తోడికోడలికి ఫోన్ చేద్దామని లేచింది.

"ఆగండి, ఇంకో మాట. కొలతల కోసం మీరు శ్రమ పడక్కర్లేదు," అన్నారు మేడమ్, లావుపాటి రిజిస్టరు ఒకటి ఆమె చేతిలో పెడుతూ. "మీకు ఆశ్చర్యంగా ఉండాలని మాస్టారు చెప్పనివ్వలేదు. నెల రోజులుగా ఆయనా అటెండరూ కలిసి పిల్లలందరినీ ఒక్కొక్కరినే నిలబెట్టి కొలిచారు."

దూరంగా మాస్టారు సిగ్గుపడుతూ నవ్వారు. టైలరమ్మ రిజిస్టరు తెరిచింది. నాలుగు వందల పన్నెండు మంది, ఒక్కొక్కరికి ఆరు కొలతలు, అన్నింటికీ ప్రమాణాలు. ప్రతి అంకె పక్కనా ఎర్ర సిరాతో ముత్యాల్లాంటి అక్షరాల్లో "సవరించినది" అని ఉంది.

ఎన్నిసార్లో మాత్రం ఎక్కడా రాయలేదు.