లాజరుగారి మోటారు

జూన్ రెండో శనివారం పొద్దున్నే ఆశాజ్యోతి కాఫీ తాగేసి వెనక గదిలో టేబుల్ ముందు కూర్చుంది. ఆమె హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు. మామగారు లాజరుకి కిందటేడు గుండెకి స్టెంట్ వేశారు. ఎండలో తిరగొద్దని డాక్టరు చెప్పినా ఆయన రోజూ మైలు దూరం నడిచి పొలం వెళ్లి బోరు మోటారు వేసొస్తాడు. కాలవకి ఇంకా నీళ్లు వదల్లేదు, నారుమడి ఎండిపోతోంది మరి. అందుకని ఇంట్లోంచి ఫోన్ చేస్తే మోటారు తిరిగేట్టు, అది తిరుగుతోందో ఆగిందో మెసేజ్‌గా వచ్చేట్టు ఆమె ఒక పెట్టె తయారుచేసింది. అందులో సిమ్ వేసే చిన్న బోర్డుంది. పేచీ అంతా దానితోనే.

బోర్డు మీది లైటు సెకనుకోసారి మిణుకుమంటే నెట్‌వర్క్ వెతుకుతోందని అర్థం. మూడు సెకన్లకోసారి అయితే దొరికిందని. వారం రోజులుగా అది వెతుకుతూనే ఉంది.

"ఇంకా ఎంతసేపమ్మా? ఎండెక్కకముందే నేనెళ్లి వేసొచ్చేస్తాను," అన్నాడు లాజరు గుమ్మంలోంచి.

"పది నిమిషాలాగండి మావయ్యగారూ, ఇవాళ అయిపోతుంది."

"నా మోటారుకేం, దివ్యంగా ఉంది," అని ఆయన గుండె తట్టుకున్నాడు. స్టెంట్ వేసినప్పటినుంచీ ఆయన తన గుండెని అలాగే అంటున్నాడు.

అప్పుడు ఆమెకి తట్టింది. బోర్డు పాతకాలంది, దానికి టూజీ తప్ప తెలీదు. తను వేసింది ఫోర్‌జీ ఒక్కటే ఉన్న సిమ్. వెంటనే చార్జింగ్‌లో ఉన్న మామగారి బటన్ ఫోన్ విప్పి సిమ్ తీసి బోర్డులో పెట్టింది. ఈసారి బోర్డు వెలిగి, ఆరిపోయి, మళ్లీ వెలిగింది. కరెంటు చాలట్లేదనుకుని భర్త జాషువా బైకు బ్యాటరీ ఊడదీసి తగిలించింది. లైటు ఆరడం మానేసింది గానీ వెతుకులాట మానలేదు. స్లాబు కింద సిగ్నల్ అందట్లేదేమోనని పెట్టె డాబా మీదికి మోసుకెళ్లి పిట్టగోడ మీద పెట్టింది. ఎండలో లైటు కనబడలేదు. గొడుగు కోసం కిందికొస్తే పొయ్యి మీద పులుసు పొంగుతోంది. అక్కడ చిక్కుకుపోయింది.

ఆమె ఇంకా డాబా మీద ఉండగానే తణుకులో ఉన్న ఆడపడుచు బేబీ తండ్రికి ఫోన్ చేసింది. స్విచాఫ్. అన్నకి చేసింది.

"అన్నయ్యా, నాన్న ఫోన్ కలవట్లేదేంటి?"

జాషువా ఇల్లంతా చూశాడు. "నాన్న లేడే. ఫోన్ మాత్రం ఊడదీసి టేబుల్ మీద పడుంది!"

పొలానికే వెళ్లుంటాడని బైకు ఎక్కి స్టార్టు బటన్ ఎన్నిసార్లు నొక్కినా అది కిమ్మనలేదు. బండి వదిలేసి పరుగందుకున్నాడు.

బేబీ ఆత్రం పట్టలేక తండ్రి నంబరుకి ఇంకోసారి చేసింది. ఈసారి మోగింది, కట్టయింది, వెంటనే మెసేజ్ వచ్చింది: మోటారు ఆగిపోయింది.

అరగంటలో ఇంటిముందు ఆటో ఆగింది. బేబీ, చర్చిలో ఆమె పక్కన కూర్చునే ఇద్దరాడవాళ్లు ఏడుస్తూ దిగారు. గొడుగు పట్టుకుని ఆశాజ్యోతి ఎదురొచ్చింది.

"వదినా, నాన్నేడీ? మోటారు ఆగిపోయిందని మెసేజ్ వచ్చింది!"

"వచ్చిందా?" ఆశాజ్యోతి మొహం వెలిగిపోయింది. "నిజంగా వచ్చిందా? ఏ నంబరు నుంచి?"

"నాన్న నంబరు నుంచే!"

"దేవుడికి స్తోత్రం!" అంటూ ఆమె ఆడపడుచుని గట్టిగా కౌగిలించుకుంది.

ఆ ఇద్దరాడవాళ్లూ ఏడుపు ఆపేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో లాజరు కనబడ్డాడు. చెమటతో తడిసి ముద్దయిన కొడుకుని భుజం పట్టి నడిపించుకొస్తున్నాడు.

"వీడికి ముందు మంచినీళ్లివ్వండమ్మా. పరిగెత్తుకొచ్చి గట్టు మీద కూలబడ్డాడు," అని ఆటో వంక చూశాడు. "ఎవరికండీ ఒంట్లో బాలేదు?"

బేబీ ఏడుస్తూనే నవ్వింది. పెట్టెకి ఇంకా మోటారు తగిలించకపోవడంతో ఆ మెసేజ్ వచ్చిందన్న సంగతంతా విన్నాక తన ఫోన్లోని టూజీ అందే రెండో సిమ్ తీసి వదిన చేతిలో పెట్టింది. నాన్న సిమ్ నాన్నకిచ్చేశారు. అదే ఆటోలో పెట్టె పొలం చేరింది. మధ్యాహ్నం లాజరు వరండాలో కుర్చీలో కూర్చుని నంబరు నొక్కాడు. మోటారు తిరుగుతోందని మెసేజ్ వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివి కోడలి తల మీద చెయ్యి పెట్టాడు.

ఆ రోజు నుంచి మోటారు వేయడానికి లాజరు పొలం వెళ్లడం మానేశాడు. ఫోన్ చెప్పింది నిజమో కాదో చూసి రావడానికి మాత్రం రోజూ వెళ్తున్నాడు.