ముప్పై డిగ్రీల వాల్వు

బలాన్ని పానా పొడవుతో గుణించి, కోణం సైనుతో మళ్ళీ గుణిస్తే టార్క్ వస్తుంది. ఆ లెక్కను మూడు ప్రతుల్లో రాసి సంతకం పెడితే ప్రభుత్వం వస్తుంది. కొచబాంబా నగరపు దక్షిణపు కొండ మీద కాపురముండే మాకు ఈ రెండూ వచ్చాయి. నీళ్ళే రాలేదు.

పదకొండు రోజుల క్రితం నీటి శాఖ వారు ఏదో మరమ్మతని చెప్పి మా వాల్వు బిగించి వెళ్ళారు. మరమ్మతు అయింది గాని వాల్వు మళ్ళీ తెరుచుకోలేదు. దాంతో తిప్పుడు బలాల విభాగం నుంచి ఇంజినీరు ఇతుర్రిచా గారు కోణమానినీ, గుమాస్తానూ వెంటబెట్టుకుని వేంచేశారు. (ఆ విభాగంలో తొమ్మిది మంది ఉన్నారు. పానా ఒక్కటే.)

వాల్వు కదలడానికి రెండు వందల నలభై న్యూటన్ మీటర్లు కావాలని ఆయన తేల్చారు. పానా పొడవు అరవై సెంటీమీటర్లు. దానికి అడ్డంగా, తొంభై డిగ్రీల్లో లాగితే నాలుగు వందల న్యూటన్లు చాలు, అంటే నలభై కిలోలు ఎత్తినంత బలం. నియమం ప్రకారం ఒక ఉద్యోగి లాగదగినదీ సరిగ్గా అంతే. కానీ వాల్వును దొంగలు ఎత్తుకుపోకుండా శాఖే దానికి అటూ ఇటూ గోడలు కట్టించింది. ఆ సందులో ఎంత ఒదిగి లాగినా కోణం ముప్పై డిగ్రీలు దాటదు. ముప్పై సైను సగం. కాబట్టి బలం రెట్టింపు కావాలి.

"మరి ఇద్దరు లాగండి సారూ," అన్నాను.

"ఫారంలో 'లాగువాడు' అని ఒకటే గడి ఉంది పెద్దాయనా."

"పోనీ, గోడ కొట్టేయండి."

"గోడ వేరే విభాగం."

ఈ మాటలు దోన్యా హిలారియా వింటూనే ఉంది. సందు మొదట్లో ఆమెకు అంగడి. ఊదారంగు మొక్కజొన్నతో కాచే అపి అమ్ముకుని బతుకుతుంది. నీళ్ళు లేక పదకొండు రోజులుగా ఆమె పొయ్యి వెలగలేదు.

"ఇంజినీరు గారూ, మీ సైను నా కుండలో పోస్తే కాగుతుందా ఏమిటి?" అంది. "చాల్లే గాని, కాస్త తప్పుకోండి."

అంగడి పందిరికి నిలబెట్టిన ఇనుప గొట్టాన్ని ఊడబెరికింది. పందిరి ఒక పక్కకి ఒరిగింది. గొట్టాన్ని పానా పిడికి తొడిగింది. మొత్తం పొడవు మీటరు ఎనభై అయింది. కొస గోడలు దాటి బయటికి వచ్చింది. అక్కడ నిలబడి తొంభై డిగ్రీల్లో లాగింది. నూట ముప్పై మూడు న్యూటన్లు. ఆమె రోజూ మోసే మొక్కజొన్న డబ్బా అంతకన్నా బరువు.

వాల్వు కీచుమని తిరిగింది. కింది నుంచి పై ఇంటి దాకా కొళాయిలన్నీ దగ్గాయి, తరువాత నీళ్ళొచ్చాయి. నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఇతుర్రిచా గారు వంగి కోణం కొలిచారు. "తొంభై. లెక్క సరిపోయింది," అని తనలో తాను అనుకున్నారు.

హిలారియా మొదటి కుండ నీళ్ళతోనే అపి కాచి, మొదటి గ్లాసు ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన రెండు గ్లాసులు తాగి, మీసం తుడుచుకుని, గుమాస్తాకు చెప్పసాగారు: "ఆమోదం లేని పొడవు వాడారు. గొట్టం సాక్ష్యంగా స్వాధీనం. విచారణ తేలేదాకా వాల్వును పూర్వస్థితిలో ఉంచవలెను."

"పూర్వస్థితి అంటే?" అంది హిలారియా.

"మూసి ఉండటం."

"ఓరి మీ లెక్కలు తగలెయ్య! నా పందిరి గొట్టమయ్యా అది!"

గుమాస్తా అదే గొట్టం తొడిగి, గోడల బయటే నిలబడి వాల్వు బిగించాడు. అర నిమిషం పట్టింది. అప్పుడే కొళాయి కింద పెట్టిన రెండో కుండ అడుగు తడిసింది, అంతే.

ఆయన గొట్టం జీపులో పెట్టిస్తుంటే పట్టలేక అడిగాను. "మరి ఇప్పుడు లాగిన బలం, పొడవు, కోణం ఎవరు రాస్తారు సారూ?"

ఆయన నా వైపు జాలిగా చూశారు.

"మూయడానికి ఫారం లేదు పెద్దాయనా."