నాలుగు సాళ్ల హరిత శాస్త్రం

హరిత రసాయన శాస్త్రానికి మన పర్చూరు వైపు ఉజ్వల భవిష్యత్తు ఉందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ప్రస్తుతానికి అది గఫూర్ గారి మిర్చి చేలో, బోరు పక్కన, నాలుగు సాళ్ల మేర విస్తరించి ఉంది.

గఫూర్‌ది ఎనిమిదెకరాలు. పురుగుమందు కొట్టని వారం లేదు. ఆ నాలుగు సాళ్లకు మాత్రం చుక్క తగలనివ్వడు. అవి ఇంటి కారానికి. ఊళ్లో అందరి చేలల్లోనూ ఇలాంటి సాళ్లుంటాయి. అయితే గఫూర్ భార్య నజ్మీన్ బీఎస్సీ కెమిస్ట్రీ గనుక, ఆమె సాళ్లు శాస్త్రం కిందికి వచ్చాయి. హరిత రసాయన శాస్త్రానికి సూత్రాలు పన్నెండు. సాలుకు మూడు చొప్పున సరిగ్గా సరిపోయాయి. కషాయానికి వేపగింజలు ఆమె స్వహస్తాలతో ఇంటి మిక్సీలోనే రుబ్బింది. నెల్లాళ్లపాటు ఇడ్లీ చట్నీ చేదెక్కినా, పిల్లలు సుస్థిర అభివృద్ధి కోసం కిమ్మనలేదు.

ఈ కృషిని గుర్తించి ఒక మహిళా సంఘం ఆమెకు 'హరిత నారీమణి' బిరుదు ప్రకటించింది. షరతు ఒక్కటే: పరీక్షకూ ప్రదర్శనకూ ఒక నిండు టిక్కీ, అంటే గోతం నిండా, ఎండుమిర్చి తేవాలి.

"చేలోది పంపనా?" అన్నాడు గఫూర్.

"పరీక్ష చేస్తారండీ!"

"అయితే ఇంటిదే. ఏడాది కారమంతా ఆ ఒక్క టిక్కీనే, ఆలోచించుకో."

"ప్రదర్శన అవగానే తెచ్చేసుకుంటాగా."

సభలో ఫలితం చదివారు. మందు అవశేషాలు శూన్యం. చప్పట్లు. ముఖ్య అతిథి ప్రేమదాసు గారు, "సోదరీమణులారా! మానవజాతి భవిష్యత్తు ప్రయోగశాలల్లో లేదు, ఈ బస్తాలో ఉంది!" అని గంటసేపు సెలవిచ్చి, దిగేటప్పుడు ఆ భవిష్యత్తులోంచి రెండు కిలోలు సంచిలో పోయించుకున్నారు. వేదిక మీది మిగతా పెద్దలూ భవిష్యత్తు మీద ఆసక్తి చూపారు. నజ్మీన్ మండుటెండలో శాలువా కప్పుకుని, ఖాళీ గోతం మడిచి చంకన పెట్టుకుని ఇల్లు చేరింది.

మర్నాడు గిన్నె పట్టుకుని పక్కింటి పిచ్చమ్మ దగ్గరికి వెళ్లింది.

"కాస్త కారం పెట్టు పిన్నీ."

"ఎనిమిదెకరాల ఆసామి పెళ్లానివి, నీకు కారం కరువా? ఆ కాయంతా ఏమైందే?"

"అది అమ్ముకునేది కదా పిన్నీ. నేను తినడానికి అడుగుతున్నా."

పిచ్చమ్మ నవ్వలేదు. ఇందులో నవ్వేందుకేముంది? గిద్దెడు కారం పెట్టి, "మళ్లీ అడగమాకు అమ్మాయ్, మావీ నాలుగు సాళ్లే" అంది.

గిద్దె నిండుకున్నాక నజ్మీన్ కొట్టుకెళ్లి కారం ప్యాకెట్ తెచ్చింది. చదువుకున్న మనిషి గనుక వెనక చిన్న అక్షరాలన్నీ చదివింది. ఎవరి చేలోదో మాత్రం రాసి లేదు. కూరలో అర చెంచా వేసి, ఆ చేతిని సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

గఫూర్ గారి మిగతా పంట ఏమైందోనని మీరు బెంగపడనక్కర్లేదు. మీ వంటింట్లో, పైనుంచి రెండో అరలో క్షేమంగానే ఉంది.