గొడుగు విప్పితే జలపాతం

సముద్రం పక్కనున్న ఆ కొండ మీది టూరిజం ఆఫీసుకు మేనేజరుగా వచ్చిన నాటి నుంచీ ఆయనకు ఒకటే మంట. జలపాతం అని బోర్డు ఉంది, జలపాతం లేదు. వానాకాలంలో చూసే దిక్కు లేనప్పుడు వాగు ఒళ్ళు తెలియకుండా దూకుతుంది. జనం వచ్చే ఎండాకాలంలో మాత్రం, పని చెప్పే మనిషిని చూసి తప్పుకున్నట్టు, రాళ్ళ పక్కనుంచి సన్నగా జారిపోతుంది.

"జీతం లేని వాగుకే ఇంత పొగరుంటే, జీతం తీసుకునే నీ తమ్ముణ్ణి ఏమనాలి?" అని ఆ ఉదయం భార్య మీద విరుచుకుపడ్డాడు. ఆ బావమరిది కొండ మీద కాపలాదారు. ఏ రాయి చల్లగా ఉంటే ఆ రాయి మీద నిద్రపోవడమే అతని కాపలా.

కోపానికి కారణం లేకపోలేదు. ఆ రోజే పైఆఫీసు నుంచి మేడమ్ తనిఖీకి వస్తోంది. జలపాతం చూడదగ్గట్టు లేకపోతే కొండ ఆఫీసు మూసేసి, మేనేజరును సముద్రపు గాలి కూడా సోకని చోటికి బదిలీ చేస్తారట. మెట్ల మొదట్లో భార్య నడిపే టీ కొట్టు గతీ అంతే.

అందుకని ఆయన వారం ముందే వాగుకు పైన ఇసుక బస్తాలు అడ్డం పెట్టించి నీళ్ళు ఆపించాడు. జలపాతం పడే పెద్ద బండకు తరతరాల పాచి పట్టింది. దాని మీద ప్రేమికులు పేర్లు గీకి పోయారు. "వీళ్ళ ప్రేమలకు నా బండే దొరికిందా!" అని పళ్ళు నూరుతూ పాచంతా గీకించి, ముందురోజు సాయంత్రం సున్నం కొట్టించాడు.

ఇక మిగిలింది సైగ. కొండ మీద ఫోన్లు పలకవు.

"నేను కింద గొడుగు విప్పుతాను. విప్పగానే బస్తాలు తియ్యి. ఒక్కొక్కటే! అర్థమైందా?"

"అయింది బావా. నల్ల గొడుగేగా?"

"ఏ రంగైతే నీకెందుకురా? వాన లేని రోజు గొడుగు విప్పేవాడు నేను కాక ఇంకెవడుంటాడు?"

"ఎండకు కూడా వేసుకుంటారండీ," అంది భార్య, టీ గ్లాసులు తుడుస్తూ.

"అదిగో, శుభమా అని బయల్దేరుతుంటే!" అని కసిరి వెళ్ళిపోయాడు.

ఆయన మెట్ల దగ్గర పూలగుత్తి పట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడు. మేడమ్ సముద్రపు ఒడ్డు నుంచి వాగు వెంబడి నడిచి తిన్నగా బండ కిందకే చేరింది. సంగతి తెలిసి మేనేజరు రొప్పుతూ పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ ఎండిన వాగు నడిమధ్య నిలబడి, సంచిలోంచి పూల గొడుగు తీసి విప్పుతోంది.

"మూసేయండి మేడమ్!"

"ఆఫీసు సంగతా? అది తేల్చడానికే వచ్చాను."

"ఆఫీసు కాదండీ, గొడుగు!"

"నడినెత్తి మాడిపోతుంటే గొడుగు మూయమంటారేంటండీ? మీ కొండ మీద నీడకు కూడా రూల్సా?"

అసలు సంగతి చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మేడమ్ పోతుంది. మేనేజరు గొడుగు లాక్కుని మూశాడు. మేడమ్ లాక్కుని విప్పింది. ఆయన మూశాడు. ఆవిడ విప్పింది. ఉద్యోగంలో చేరాక ఇంత అవమానం ఎన్నడూ జరగలేదని ఇద్దరూ ఒకేసారి అనుకున్నారు.

పైన బావమరిది, ఎన్నడూ లేనిది, ఆ రోజు మెలకువగా ఉన్నాడు. గొడుగు విప్పడం, మూయడం, మళ్ళీ విప్పడం చూసి కంగారుపడ్డాడు. "బావ తొందరపెడుతున్నాడు!" అని ఉన్న బస్తాలన్నిటినీ ఒకేసారి తన్నేశాడు.

వారం నీళ్ళు ఒక్కసారిగా దిగాయి. వాగు ఇద్దరినీ ఎత్తి ఒడ్డున ఇసుకలో పక్కపక్కనే కూర్చోబెట్టింది. పూల గొడుగు సముద్రంలోకి వెళ్ళిపోయింది.

"మిమ్మల్ని సస్పెండ్..." అంటున్న మేడమ్ మధ్యలోనే ఆగిపోయింది. కళ్ళు బండ మీదున్నాయి. ఆరని సున్నమంతా కొట్టుకుపోయింది. గాడుల్లో దిగింది మాత్రం తెల్లగా నిలిచింది. ఆ గీతల్లో పడవలు కనిపించాయి. తెరచాపలెత్తిన పడవలు, తెడ్లు వేసే మనుషులు. ఎన్ని తరాల కిందటో, సముద్రంలోకి వెళ్ళేవాళ్ళు ఉలితో చెక్కుకున్న బొమ్మలు.

"ఇవి ఉన్నాయని మీకు ముందే తెలుసా?"

మేనేజరు తేరుకున్నాడు. "తెలియకపోతే సున్నం ఎందుకు కొట్టిస్తాను మేడమ్!"

ఆఫీసు ఉంటుందని, మేనేజరు ఇక్కడే ఉంటాడని అక్కడికక్కడే తేలిపోయింది. మేడమ్ చీర కొంగు పిండుకుంటూ లేచింది. "కానీ ఈ బండ మీద ఇక చుక్క నీరు పడకూడదు. వాగును పక్కకు మళ్ళించండి. ఆ జలపాతం బోర్డు పీకేయండి. అవునూ, పైన ఇన్ని నీళ్ళు ఆపిందెవరు?"

"మా... కాపలాదారండీ."

"పనిమంతుడే. అడ్డుకట్ట చూసుకోవడానికి అతన్నే పర్మనెంట్ చేయించండి."

మేనేజరు టీ కొట్టుకు వచ్చి బల్ల మీద దబ్బున కూలబడ్డాడు. "నీళ్ళు లేవని నేను ఏడుస్తుంటే నీళ్ళు ఆపమంటుంది! నిద్రమొహం వాణ్ణి తీసేద్దామని నేను చూస్తుంటే పర్మనెంట్ అంటుంది! ఇదేం న్యాయమే?"

"ఎండకు కూడా వేసుకుంటారని చెప్పానా, లేదా?" అంది భార్య, టీ గ్లాసు ముందు పెడుతూ.

వానాకాలం మొదటి చినుకుకే కొట్టు ముందున్న వాళ్ళంతా గొడుగులు విప్పారు. మేనేజరు మాత్రం తన గొడుగు చంకలో పెట్టుకుని, తడుస్తూనే ఆఫీసుకు నడిచాడు.